ఎదురుచూపు ఎవరి ఖాతాలో?

విసుగును వ్యక్తిగత రుగ్మతగా ఎంచి, దానికి మందుగా వినోదాన్ని అమ్మే వ్యాపారం నేడు వర్ధిల్లుతోంది. నిజానికి మనిషికీ కాలానికీ మధ్య పొత్తు కుదరనప్పుడు కలిగే స్థితి అది. జర్మన్ తత్త్వవేత్త మార్టిన్ హైడెగ్గర్ 1929-30 శీతకాలపు ఉపన్యాసాలలో దానిని విశ్లేషించడానికి మొదట ఎంచుకున్న ఉదాహరణ, మారుమూల స్టేషన్‌లో తరువాతి రైలుకు నాలుగు గంటలు వేచి ఉండవలసిన ప్రయాణికుడు. అతడు చెట్లు లెక్కపెడతాడు, మాటిమాటికీ గడియారం చూసుకుంటాడు, అయినా పొద్దు గడవదు. ఫలానా పరిస్థితి వల్ల కలిగే ఈ విసుగును ఆయన మొదటి రకమన్నారు. సరదాగానే గడిచిన విందు చివరికి వ్యర్థమనిపించడం రెండవది. కారణమేదీ లేకుండానే లోకమంతటి పట్లా ఆసక్తి అణగారిపోవడం మూడవది, అన్నిటికంటే లోతైనది.

హైడెగ్గర్‌కు దశాబ్దం ముందే, 1918లో వెలువడిన ‘పలాతక’ సంపుటిలోని ‘ఫాంకి’ అనే బెంగాలీ కథాకవితలో, రవీంద్రనాథ్ టాగూర్ ఇటువంటి నిరీక్షణను బిలాస్‌పూర్ స్టేషన్‌లో చిత్రించారు. జబ్బుపడిన భార్య బీనును గాలిమార్పుకు తీసుకువెళ్తున్న భర్త అక్కడ రైలు మారడానికి ఆరు గంటలు ఆగవలసి వస్తుంది. అతనికి అది పెద్ద బెడద, ఉమ్మడి కుటుంబంలో భర్తతో తీరికగా గడిపే వీలే దొరకని ఆమెకు మాత్రం అదొక పండుగ. ఆ ఆరు గంటలలోనే ఆమె రుక్మిణి అనే కూలీ భార్య కష్టాన్ని ఆలకించి, కూతురి పెళ్ళికి 25 రూపాయలు ఇవ్వమని భర్తకు చెబుతుంది; అతడు చాటుగా రెండు రూపాయలిచ్చి, బెదిరించి పంపివేస్తాడు. నిరీక్షణ ఇద్దరికీ ఒకటే అయినా, దానిని తన కాలంగా స్వీకరించిన బీనుకు ఎదుటి మనిషి కనిపించగా, తన కాలాన్ని ఎవరో దొంగిలించారనుకున్న భర్తకు ఆ మనిషి కూడా మరొక అవాంతరంగానే తోచింది.

ప్రయాణికుడి ఎదురుచూపు రైలు రాగానే ముగుస్తుంది గాని, రైల్వే ఉద్యోగికి ఎదురుచూపే జీవనోపాధి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రంగా ఉన్న బిలాస్‌పూర్‌లో, తెలుగు కుటుంబాలు కూడా తరాలుగా స్థిరపడిన ఈ ఊరిలో, ఆ సంగతి ఎవరికీ కొత్త కాదు. 1989 నాటి రైల్వే చట్టం ఖాళీ సమయానికి స్పష్టమైన నిర్వచనమే ఇచ్చింది: 12 గంటల డ్యూటీలో సగమో, అంతకు మించో శారీరక శ్రమ గాని నిలకడైన ఏకాగ్రత గాని అవసరం లేని నిష్క్రియతగా గడిచే ఉద్యోగాన్ని, ఉద్యోగులు ఈఐ (ఎసెన్షియల్లీ ఇంటర్మిటెంట్) రోస్టర్ అని పిలిచే వర్గంలో చేర్చి, వారానికి 75 గంటల వరకు పని చేయించుకోవచ్చునన్నది; ఎడతెగని శ్రమ ఉన్న ఇంటెన్సివ్ వర్గానికి సగటున 45 గంటలే పరిమితి. వేచి ఉండే గంట పనిచేసే గంట కంటే తేలికైనదన్నది ఈ తూకానికి ఆధారం.

ఈ తూకం కంటికి కనిపించే శ్రమను మాత్రమే లెక్కిస్తుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర స్టేషన్ మాస్టర్ ఫోన్ మోగేవరకు గేట్‌మ్యాన్‌కు పని ఉండకపోవచ్చు. కానీ మోగిన మరుక్షణం గేటు వేసి, ప్రైవేట్ నంబరు, అంటే ఆదేశం అందినట్టు రుజువుగా ఫోన్‌లో మార్చుకునే సంకేత సంఖ్య, చెప్పవలసి ఉన్నందున, అతడు నిద్రపోలేడు, విడిచి వెళ్ళలేడు. తాను వాడుకోలేని, వదులుకోనూ లేని కాలం అది. హైడెగ్గర్ ప్రయాణికుడికి లేని కట్టుబాటు ఇక్కడ విసుగుకు తోడవుతుంది.

ప్రయాణికుల కాలానికీ సమాన విలువ లేదని 2022 ఏప్రిల్‌లో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు మోసుకెళ్ళే గూడ్సు రైళ్ల దారి సుగమం చేయడానికి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌లో ప్యాసింజర్ రైళ్లను రద్దు చేసినప్పుడు స్పష్టమైంది. ప్లాట్‌ఫారం మీద చేతిలోని ఫోన్ నిరీక్షణను మరపింపజేయగలదు గాని, ఏ రైలు ఆగాలో, ఎవరి గంటలు తేలికగా తూగాలో నిర్ణయించే అధికారాన్ని అది ఎవరికీ పంచదు. కాబట్టి విసుగును గురించిన విచారణ మనసును ఎలా మళ్ళించుకోవాలన్న చోట ఆగిపోకుండా, డ్యూటీ రోస్టర్లనూ టైంటేబుళ్లనూ కూడా తత్త్వగ్రంథాలంత శ్రద్ధగా చదవవలసి ఉంటుంది.