మూడుసార్లు నలభై డాలర్లు

తోడుదొంగల మధ్య కూడా ఒక నీతి ఉంటుందని మనకో నమ్మకం. లోకాన్నంతా ముంచినా ఒకణ్ణొకడు ముంచుకోరు, వాటాల దగ్గర మాట తప్పరు అనుకుంటాం. సినిమాలు కూడా ఈ నమ్మకాన్ని బాగానే పెంచి పోషించాయి. మార్క్ ట్వైన్ ‘హకల్‌బెరీ ఫిన్’ (1884) చదివితే అదెంత డొల్లో తెలుస్తుంది. నండూరి రామమోహనరావు గారి అనువాదం పుణ్యమా అని మనలో చాలామందికి ఈ కథ చిన్నప్పుడే పరిచయం. అందుకేనేమో అందులోని ఇద్దరు మోసగాళ్ళు, రాజు, డ్యూక్, మనకి నవ్వించే పాత్రలుగానే మిగిలిపోయారు. నాకు మాత్రం ఈ నవల అడిగే అసలు ప్రశ్న వాళ్ళ చుట్టూనే తిరుగుతుందనిపిస్తుంది.

కథ మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. తాగుబోతు తండ్రి నుంచి తప్పించుకున్న హక్, తనని దక్షిణాదికి అమ్మేస్తారని తెలిసి పారిపోయిన బానిస జిమ్, ఇద్దరూ ఒక తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతుంటారు. దారిలో ఇద్దరు ఎక్కుతారు. ఒకడికి ముప్ఫై ఏళ్ళుంటాయి, ఇంకొకడికి డెబ్భై. అంతకు ముందు ఒకరి మొహం ఒకరు చూసినవాళ్ళు కాదు. చిన్నవాడు తనో డ్యూక్‌నని చెప్పి మర్యాదలు చేయించుకుంటుంటే, పెద్దాయన ఓర్వలేక తనేకంగా ఫ్రాన్సు రాజునంటాడు. అంటే వాళ్ళ స్నేహం మొదలవడమే పోటీతో మొదలైంది. హక్‌కి వాళ్ళ సంగతి అర్థమైపోతుంది గానీ, గొడవెందుకని ఊరుకుంటాడు.

విల్క్స్ ఇంటి ఘట్టం గుర్తుందా? చచ్చిపోయిన పీటర్ విల్క్స్‌కి ఇంగ్లండు నుంచి రావలసిన తమ్ముళ్ళం మేమేనంటూ ఇద్దరూ ఆ ఇంట్లో దిగుతారు. నేలమాళిగలో ఆరువేల డాలర్ల బంగారం ఉందన్నారు, లెక్కపెడితే 415 తక్కువొచ్చింది. ఎవరికీ అనుమానం రాకూడదని తమ జేబుల్లోంచి తీసి ఆ లోటు పూడుస్తారు! ఆ సంచీని హక్ కాజేసి, ఆడపిల్లల సొమ్ము వాళ్ళకే దక్కాలని, శవపేటికలో దాచేస్తాడు. తర్వాత గుట్టు రట్టై, ఇద్దరూ ప్రాణాలు అరచేత పట్టుకుని తెప్ప మీదికొచ్చి పడ్డాక అసలు గొడవ మొదలవుతుంది. సంచీ నువ్వు దాచావంటే నువ్వు దాచావని. చివరికి డ్యూక్ పీక నొక్కితే రాజు, చేయని ఆ దొంగతనాన్ని తనే చేశానని ఒప్పేసుకుంటాడు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఆ ఇంటిదొంగ వాళ్ళ పక్కనే కూర్చుని ఊపిరి బిగబట్టి వింటున్నాడు. కానీ వాళ్ళకి హక్ మీద ధ్యాసే లేదు. రాజు నిజం చెప్పినంతసేపూ డ్యూక్ నమ్మలేదు, అబద్ధం చెప్పాక నమ్మాడు. అరగంట తిరిగేసరికి ఇద్దరూ తాగి ఒకరినొకరు కావలించుకుని గురకలు! నవ్వొస్తుంది నిజమే. కానీ అంత దగ్గరితనంలోనూ ఒకడి మాట మీద ఇంకొకడికి పూచికపుల్లంత నమ్మకం లేదు.

అసలు ద్రోహం తర్వాత వస్తుంది. పగటిపూట తెప్ప నడుపుకోవడానికి వీలుగా డ్యూక్ అంతకు ముందే ఒక దొంగ కరపత్రం అచ్చు వేసి ఉంచాడు. పారిపోయిన బానిస, పట్టిస్తే రెండు వందల డాలర్ల బహుమతి అని. చేతిలో డబ్బు నిండుకున్నాక రాజు ఆ కరపత్రం చూపించి, జిమ్ మీద వచ్చే బహుమతి హక్కుని నలభై డాలర్లకి అమ్మేస్తాడు. డ్యూక్‌కి వాటా కూడా ఇవ్వడు, తాగుడికీ జూదానికీ తగలేస్తాడు. డ్యూక్ కడుపు మండిపోతాడు గానీ, ఆ మంట వాటా పోయినందుకే. జిమ్ ఎక్కడున్నాడో హక్‌కి చెప్పబోయి, సగంలో ఆపి, తప్పుడు చిరునామా ఇస్తాడు.

నవలలో నలభై డాలర్లు కనిపించడం ఇదే మొదటిసారి కాదు. అంతకు ముందు, జిమ్‌ని పట్టించేద్దామని బయల్దేరిన హక్‌కి బానిసల్ని వెతికే ఇద్దరు ఎదురుపడతారు. మాట పెగలదు. తెప్ప మీదున్నది తెల్లవాడేనంటాడు, మశూచి ఉందేమోనని వాళ్ళే భయపడేలా మాట్లాడతాడు. వాళ్ళు జాలిపడి చెరో ఇరవై డాలర్ల బంగారు నాణెం ఇచ్చిపోతారు. ఆ డబ్బు హక్, జిమ్ తలో ఇరవై. ఇక్కడా అబద్ధమే, అక్కడా అబద్ధమే. కాబట్టి ట్వైన్ గీసిన గీత నిజానికీ అబద్ధానికీ మధ్య కాదు. మనిషికి వెల కట్టడానికీ, కట్టలేకపోవడానికీ మధ్య.

ఊరి సంగతి ఇంకా చిత్రం. రాజునీ డ్యూక్‌నీ చివరికి తారు పూసి, ఈకలంటించి, దూలం మీద ఊరేగిస్తారు. ఎందుకు? బూటకపు నాటకానికి టికెట్లు అమ్మినందుకు. మనిషిని అమ్మినందుకు కాదు. ఆ బేరంలో కరపత్రం ఒక్కటే దొంగది, మనిషిని అమ్మడం చట్టబద్ధమే. నాటకం గుట్టు ఊరికి ముందే చెప్పింది జిమ్. తనని అమ్మినవాళ్ళ మీద అతనికి దొరికిన ఒకే ఒక్క న్యాయం అది. హక్ మాత్రం వాళ్ళని హెచ్చరిద్దామని పరిగెడతాడు! అప్పటికే ఆలస్యమైపోతుంది, ఆ దృశ్యం చూసి అతనికి ఒళ్ళు జలదరిస్తుంది. దాన్ని విశ్వాసమనలేను, వాళ్ళకి అతను రుణపడింది ఏమీ లేదు. ఎవడు ఎంతకి తగినవాడో లెక్కగట్టే అలవాటు హక్‌కి లేదు, అంతే.

ఇక మూడో నలభై. జిమ్‌కి యజమానురాలు తన వీలునామాలో స్వేచ్ఛ ఇచ్చి అప్పటికే రెండు నెలలు. ఆ సంగతి తెలిసీ టామ్ సాయర్ చెప్పడు. సాహసకథల సరదా కోసం జిమ్‌ని గుడిసెలో బంధించే ఉంచి, తప్పించే నాటకమాడతాడు. ఓపిగ్గా సహకరించినందుకు చివర్లో జిమ్ చేతిలో నలభై డాలర్లు పెడతాడు. చివరి అధ్యాయాలు తేలిపోయాయని చాలామంది విమర్శకులు అంటారు. ఆ మూడో నలభైని చూశాక నేను వాళ్ళతో ఏకీభవించలేకపోతున్నాను. రాజు మోసగాడని మనకి మొదటి పేజీ నుంచీ తెలుసు. టామ్‌ని మాత్రం మనం చిన్నప్పటి నుంచీ ప్రేమించాం. అతనిచ్చిన డబ్బు చూసుకుని, తను ధనవంతుణ్ణవుతానని ముందే చెప్పానా లేదా అని జిమ్ మురిసిపోతుంటే, పక్కన నిలబడి నవ్వడం నావల్ల కావడం లేదు.