జెద్దాలో ఇల్లు: పగలంతా ఇంట్లో ఉండేవారి లెక్క

ఓ మాదిరి జీతంతో సౌదీలోని జెద్దాలో కాపురం పెట్టదలచిన తెలుగు ఉద్యోగి అద్దె ఇల్లు వెతికేటప్పుడు సాధారణంగా చూసేవి రెండే: అద్దె ఎంత, ఆఫీసు ఎంత దూరం. రెండూ చూడవలసినవే అయినా రెండూ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగివచ్చే మనిషి కొలతలు. పగలంతా ఆ ఇంట్లోనే గడిపే ఇల్లాలు, మధ్యాహ్నానికే బడినుంచి వచ్చేసే పిల్లలు, విజిట్ వీసా మీద వచ్చి రెండు మూడు నెలలు నాలుగు గోడల మధ్య పొద్దుపుచ్చే తల్లిదండ్రులు చూసే కొలతలు వేరు. ఇల్లు ఎంచుకోవడం కూడా ఒక పనితనమే అనుకుంటే, జెద్దాలో ఆ పనితనం హయ్‌ను, అంటే పేటను, ఇంట్లో ఉండిపోయేవారి కళ్లతో చూడగలగడంలో ఉంది. గదులు, టైల్సు, గోడల రంగులు ఆ తరువాతి సంగతి.

ఈ నగరంలో ఏ పేట ఎందుకు ఖరీదో, ఏది ఎందుకు చవకో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి. 1947లో ప్రాకారం కూల్చేదాకా జెద్దా అంటే గోడ లోపలి ఊరే. ఇప్పుడు బలద్ అని పిలుస్తున్న ఆ పాతబస్తీని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గోడ పోయి, చమురు డబ్బు వచ్చాక, ఎర్రసముద్రం ఒడ్డునే మదీనా రోడ్డు వెంట ఊరు ఉత్తరానికి పాకింది. కలిగినవారు గాలి తగిలే ఉత్తరానికీ, సముద్రం కనిపించే పడమటికీ తరలిపోగా, ఓడరేవు, కర్మాగారాలు, వాటిలో పనిచేసేవారి నివాసాలు దక్షిణాన మిగిలాయి. అందుకే 2022 జనాభా లెక్కల నాటికి సుమారు 37 లక్షల మంది నివసిస్తున్న ఈ నగరంలో ఈనాటికీ స్థూలంగా చెప్పాలంటే ఉత్తరానికీ పడమటికీ పోయేకొద్దీ అద్దె పెరుగుతుంది, దక్షిణానికీ తూర్పుకీ పోయేకొద్దీ తగ్గుతుంది. షాతీ, జహ్రా, నయీమ్ వంటి ఉత్తరపు పేటలు మాదిరి జీతానికి అందవు. కిలో పద్నాలుగు వంటి తూర్పు శివార్లు అందినా బడికీ ఆసుపత్రికీ దూరమైపోతాయి. వెతుకులాట అంతా మధ్యభాగంలోని షరఫియా, ముష్రిఫా, అజీజియా, రిహాబ్, సఫా, మర్వా పేటల మధ్య సాగుతుంది.

వీటిలో షరఫియా ఒంటరి ఉద్యోగులకు అనువైన చోటు. మలయాళీల అడ్డాగా పేరుపడిన ఆ పేటలో కార్గో దుకాణాలు, పాలీక్లినిక్‌లు, నగల అంగళ్లు, మెస్సులు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. గదిని నలుగురైదుగురు పంచుకుంటే ఖర్చు చిల్లరలోకి దిగుతుంది. కాపురాలు మాత్రం ఎక్కువగా అజీజియా వైపే మొగ్గుతాయి. భారత రాయబార కార్యాలయం ఇంకా జెద్దాలోనే ఉన్న రోజుల్లో, 1969లో, ఎంబసీ స్కూలుగా మొదలై తరువాత ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూల్‌గా పేరు మారిన సీబీఎస్ఈ పాఠశాల ఆ చుట్టుపక్కలే ఉండటం, పాకిస్తానీ బడి కూడా దగ్గరలోనే ఉండటం, దానివల్ల కిరాణా కొట్టు దగ్గరనుంచి దర్జీ దుకాణం దాకా ఉర్దూ చెల్లిపోవడం ఇందుకు కారణాలు. తెలంగాణ నుంచి వచ్చిన ఇల్లాలికి అరబ్బీ ఒక్క ముక్క రాకపోయినా తనకు తెలిసిన హైదరాబాదీ ఉర్దూతో అక్కడ రోజు గడిచిపోతుంది. కోస్తా నుంచి వచ్చినవారికి మొదటి ఆరు నెలలు ఆ సౌకర్యమూ ఉండదు, ఆ తరువాత వారికీ అదే ఉర్దూ పట్టుబడుతుంది.

బడ్జెట్ అనే మాటకు ఇక్కడ ఉన్న అసలు అర్థం అద్దె అంకెలో కనిపించదు. చాలా కంపెనీలు ఇంటి అద్దె భత్యాన్ని ఏడాదికి మూడు నెలల మూలవేతనంగా లెక్కకడతాయి. మూలవేతనం 5,000 రియాళ్లయితే భత్యం 15,000. ఇంకొక పక్క, 2017 జులైలో నెలకు 100 రియాళ్లతో మొదలై ఏటా వంద చొప్పున పెరిగి 2020కి 400 రియాళ్లకు చేరిన, ఆశ్రితులపై ప్రభుత్వం వేసే రుసుము ఉంది. ఉద్యోగి ఇకామా, అంటే నివాస అనుమతి, మీద ఆధారపడి ఉండే ప్రతి కుటుంబ సభ్యుడికీ అది కట్టాలి. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 14,400 రియాళ్లు. కంపెనీ ఒక చేత్తో ఇచ్చిన అద్దె భత్యం దాదాపు మొత్తం మరో చేత్తో రుసుముకు పోతుందన్నమాట, అద్దె జీతంలోంచి కట్టుకోవాలన్నమాట. ఆ రుసుము వచ్చాక ఎన్నో కుటుంబాలు ఎగ్జిట్, అంటే దేశం విడిచిపోయే అనుమతి, కొట్టించుకుని ఇంటిదారి పట్టాయి. ఉండిపోయినవారు పేటలో ఒక మెట్టు దిగారు. దిగేటప్పుడు ఏది వదులుకోవాలన్నదే ప్రశ్న. సాధారణంగా బడి దూరాన్ని వదులుకుంటారు. అది పొరపాటని చెప్పక తప్పదు, ఎందుకంటే ఇద్దరు పిల్లల వ్యాను ఖర్చు ఏడాది పొడవునా కలుపుకుంటే అద్దెలో మిగిలినదానిలో పెద్ద భాగాన్ని తినేస్తుంది, పైగా ఎండాకాలంలో ఆ వ్యానులో గంటసేపు కూర్చునేది పిల్లలు.

ఒకటిన్నర కిలోమీటరు దూరం జెద్దాలో మనిషిని బట్టి మారిపోతుంది. కారున్నవాడికి అది ఐదు నిమిషాలు. మేలో, జూన్‌లో, సముద్రపు తేమ వంటికి అంటుకుపోయే మధ్యాహ్నం, పసిపిల్లను ఎత్తుకుని నడవవలసిన తల్లికి అది దాటరాని దూరం. 2018 జూన్ 24న ఆడవారికి వాహనం నడిపే హక్కు వచ్చాక ఈ లెక్క కొంత మారింది, కాని రెండో కారు కొనగల స్తోమత లేని ఇంట్లో ఉన్న ఒక్క కారూ పగలు ఆఫీసు ముందే నిలబడి ఉంటుంది గనుక, ఆ హక్కు మధ్యతరగతి ఇల్లాలి పగటి జీవితాన్ని అనుకున్నంతగా మార్చలేదు. మెట్రో లేదు, బస్సులున్నా అవి పెద్ద రోడ్లకే పరిమితం. కాబట్టి బఖాలా, అంటే సందు మొదట్లో ఉండే చిల్లరకొట్టు, మందుల షాపు, క్లినిక్, సాయంత్రం పిల్లలు ఆడుకోగల పార్కు, ఈ నాలుగూ ఒక పెద్ద రోడ్డు దాటకుండా నడిచి చేరుకోగలిగే చోట ఉన్నాయా లేదా అన్నది చూడాలి. పెద్ద రోడ్డు దాటకుండా అన్నది ముఖ్యం: సబయీన్ అని జనం పిలిచే ప్రిన్స్ మాజిద్ రోడ్డుకు అవతల ఉన్న ఆసుపత్రి మ్యాపులో పక్కనే కనిపిస్తుంది, నడిచేవారికి మాత్రం అది వేరే ఊరు. ఇల్లు చూడటానికి మధ్యవర్తి సాధారణంగా రాత్రి ఇషా నమాజు తరువాత తీసుకువెళతాడు, ఉద్యోగికీ అప్పుడే తీరిక. చల్లబడి, దీపాలు వెలిగి, దుకాణాలన్నీ తెరిచి ఉన్న ఆ వేళ ప్రతి పేటా బాగానే కనిపిస్తుంది. ఆ పేటను మధ్యాహ్నం రెండు గంటలకు ఒకసారి, అదీ కాలినడకన, చూడటం కంటె మంచి పరీక్ష లేదు.

నీటి సంగతి మరికొంత వివరంగా చెప్పుకోవాలి. జెద్దాకు నది లేదు, చెప్పుకోదగిన బావులు లేవు. ఒట్టోమన్ పాలన చివరిరోజుల్లో ఉప్పునీటిని మరగబెట్టి ఆవిరిని చల్లార్చే కందాసా అనే యంత్రం ఇక్కడ ఏర్పాటైంది, ఇప్పుడు దక్షిణాన షుఐబా తీరంలోనూ నగర తీరంలోనూ ఉన్న కర్మాగారాలు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి పంపుతున్నాయి. ఆ నీరు చాలా పేటలకు రోజూ రాదు, వంతుల ప్రకారం వస్తుంది. వచ్చిన నీరు భవనం కింద ఉన్న ఖజాన్‌లో, అంటే భూగర్భ తొట్టిలో, నిండి మోటారుతో మిద్దె మీదికి ఎక్కుతుంది. తొట్టి చిన్నదై, ఫ్లాట్లు ఎక్కువై, వంతు ఆలస్యమైతే వైత్‌ను, అంటే నీళ్ల ట్యాంకరును, పిలవాలి. ఆ ఖర్చు ఇంటివాడిదా, అద్దెకున్నవారు పంచుకోవాలా అన్నది ముందే తేల్చుకోకపోతే ప్రతి వేసవిలోనూ మెట్ల మీద తగాదా తప్పదు. మురుగునీటి కాలువ లేని సందుల్లో బయారా అనే మురుగు గుంట ఉంటుంది, దాన్ని తోడే ట్యాంకరు వేరు. రెండు రకాల ట్యాంకర్లూ ఒకే సందులో తిరుగుతుంటే ఆ పేట గురించి మధ్యవర్తి చెప్పనిది చాలానే తెలిసిపోతుంది. ఇవన్నీ అడగదగిన మనిషి హారిస్, అంటే భవనం కాపలాదారు. అతడు ఉపఖండం మనిషైతే మరీ మంచిది, ఇంటివాడు దాచేది అతడు దాచడు.

తాగేనీటికి కరువున్న ఊళ్లోనే వరదకూ భయపడవలసి రావడం జెద్దా విడ్డూరం. తూర్పున ఉన్న కొండలనుంచి సముద్రానికి వాననీరు పారే ఎండువాగులను వాదీలంటారు. ఏళ్ల తరబడి ఎండి ఉండటంతో వాటి దారిలోనే ఇళ్లు లేచాయి. 2009 నవంబరు 25న, హజ్ యాత్రికులు మినాకు చేరే రోజున, కొద్ది గంటల్లో కురిసిన వానకు వందమందికి పైగా చనిపోయారు. అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతిన్నది తూర్పున ఉన్న కువైజా. 2011 జనవరిలో మళ్లీ వరద, ఉమ్ అల్ ఖైర్ ఆనకట్ట తెగింది. ఆ తరువాత ఆనకట్టలు, వరద కాలువలు కట్టినా, 2022 నవంబరు 24న దక్షిణ భాగంలో ఆరు గంటల్లో 179 మిల్లీమీటర్ల వాన పడ్డప్పుడు రోడ్లు మళ్లీ ఏరులయ్యాయి. చవకగా దొరికే ఫ్లాటు ఏ వాదీ దారిలో ఉందో కనుక్కోవడం కష్టమేమీ కాదు: ప్రహరీగోడల మీద మరకలు, కింది అంతస్తు దుకాణాలకు కొత్తగా ఎత్తించిన గడపలు, పాత కిరాయిదారుల మాటలు సరిపోతాయి. కింది అంతస్తు అద్దె తక్కువ కావడానికి కారణం ఒక్కోసారి ఇదే.

ఇంకొక రకం అస్థిరత 2021 అక్టోబరులో మొదలైంది. ప్రణాళిక లేకుండా పెరిగిన 60కి పైగా బస్తీలను కూల్చే కార్యక్రమంలో గులైల్, పెట్రోమిన్, నుజ్లా యమానియా, బనీ మాలిక్ వంటివి చాలావరకు నేలమట్టమయ్యాయి. కొద్ది జీతాలవారు దశాబ్దాలుగా తలదాచుకున్న ఆ సందులు ఒక్క ఏడాదిలో ఖాళీ అయ్యేసరికి అక్కడివారంతా మిగిలిన చవక పేటల మీద పడ్డారు, అక్కడి అద్దెలు ఎగబాకాయి. చుట్టుపక్కలకంటె మరీ తక్కువకు ఇల్లు దొరికినప్పుడు దాని పట్టా, ప్లాను సక్రమమైనవేనా అని అనుమానించడం ఆనాటి నుంచి అలవాటైపోయింది, మంచి అలవాటే.

ఫ్లాటు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. ఖాళీ ఫ్లాటు అంటే ఇక్కడ నిజంగా ఖాళీయే, ఏసీలుండవు, వంటగదిలో అరలుండవు. ఇల్లు వదిలివెళ్లే కుటుంబం దగ్గర కొనుక్కోవాలి, లేదా హరాజ్ అనే పాతసామాన్ల సంతకు పోవాలి. మిద్దె మీద ములహక్ అనే గదుల వాటా చవకే, కాని దాని కప్పు మీద రోజంతా ఎండే. కరెంటు నెలకు 6,000 యూనిట్ల దాకా యూనిట్‌కు 18 హలాలాలు (0.18 రియాలు), దాటితే 30. ఏసీ ఏడాదంతా ఆడే ఊరు గనుక సాయంత్రపు ఎండ పడే పడమటి గది చవక కాదు. పాత బలద్‌లో ఇళ్లు కట్టినవారు రౌషన్ అనే జాలీ కిటికీలను సముద్రపు గాలికి ఎదురుగా పెట్టారు; సిమెంటు అద్దాల కాలంలో ఆ పడమర వేడిగా మాత్రమే మిగిలింది. వాస్తు చూసుకునేవారికి ఒక్క సౌలభ్యం: మక్కా జెద్దాకు తూర్పున ఉండటంవల్ల, కిబ్లా, అంటే నమాజుకు తిరిగే దిక్కు, ఎటని ఎవరినడిగినా తూర్పు తెలిసిపోతుంది, దిక్సూచి అక్కరలేదు.

ఒప్పందం ఈజార్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు కావాలి. 2024 జనవరి నుంచి ఇళ్ల అద్దె కూడా దాని ద్వారానే చెల్లించాలి. అలా నమోదైన ఒప్పందానికి కోర్టు ఆదేశంతో సమానమైన బలం ఉంటుంది, అద్దె ఎగవేస్తే ఇంటివాడు దావా లేకుండానే అమలు న్యాయస్థానానికి వెళ్లవచ్చు. ఉద్యోగం పోయి ఏడాది మధ్యలో ఎగ్జిట్ కావలసిన మనిషికి ఇది గుదిబండే, కాబట్టి ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టే పాత పద్ధతి కంటె నెలనెలా కట్టే ఏర్పాటుకు ఇంటివాణ్ని ఒప్పించడం మేలు, దానికోసం అద్దె కాస్త ఎక్కువైనా సరే. ఇంకొక చిన్న విషయం చాలామంది సంతకం చేశాక గాని గమనించరు. కొందరు ఇంటివాళ్లు ఇప్పటికీ ఏడాదిని హిజ్రీ క్యాలెండరుతో లెక్కిస్తారు, అది మామూలు ఏడాది కంటె సుమారు 11 రోజులు తక్కువ. జీతం ఇంగ్లీషు నెలలకు వస్తుంది, సీబీఎస్ఈ బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, అద్దె గడువు మాత్రం ఏటేటా 11 రోజులు ముందుకు జరుగుతూ మూడేళ్లకు ఒక నెల తేడా తెస్తుంది. మార్చి పరీక్షలయ్యాక ముగిసేలా రాసుకున్న ఒప్పందం నాలుగో ఏడు పరీక్షల మధ్యలోకి వస్తుంది, ఇల్లు మారవలసివస్తే ఆ భారం మోసేది పిల్లలూ, వాళ్లను చదివిస్తూ అట్టపెట్టెలు కట్టే తల్లీ. తారీఖును ఇంగ్లీషు క్యాలెండరులో రాయించమని అడిగితే ఇంటివాళ్లు సాధారణంగా కాదనరు. అడగాలి, అంతే.