నోటికి కాపలా

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో పాంబో అనే సన్యాసి ఉండేవాడు. చదువు రాదు. బైబిల్లోని ఒక కీర్తన నేర్పమని ఒకరి దగ్గరికి వెళ్తే, ఆయన 39వ కీర్తన ఎత్తుకున్నాడు. నాలుకతో పాపం చేయకుండా చూసుకుంటానన్న మొదటి వచనం చెవిన పడగానే, ఇది చాలు, ముందు దీన్ని ఆచరించడం నేర్చుకుంటానంటూ పాంబో లేచిపోయాడు. ఆరు నెలలైనా మళ్లీ రాలేదేమని ఆయన మందలిస్తే, ఆ వచనమే ఇంకా రాలేదన్నాడు. చాలా కాలం తర్వాత మరొకరు అడిగినప్పుడు, 19 ఏళ్లకు ఏదో కాస్త పట్టుబడిందన్నాడట. ఐదో శతాబ్దపు చర్చి చరిత్రకారుడు సోక్రటీసు (తత్త్వవేత్త కాదు, వేరే ఆయన) రాసిపెట్టిన సంగతి ఇది.

అగథోను అనే మరో ఎడారి సన్యాసి మౌనం అలవడేదాకా మూడేళ్లు నోట్లో రాయి పెట్టుకున్నాడని చెబుతారు. గొప్ప పట్టుదలే. కానీ ఒంటరి గుహలో నడిచింది పదిమంది కలిసి బతికే చోట నడవదు. అందుకే ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటే కసినోలో బెనెడిక్టు రాసిన మఠ నియమావళి నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఆయన ఒక్కొక్కరి మనోబలం మీదే భారం వేయలేదు. రోజునే మౌనానికి అనువుగా అమర్చాడు.

రాత్రి చివరి ప్రార్థన అయ్యాక మాటలుండవు. అతిథి అవసరమో, మఠాధిపతి ఆజ్ఞో ఉంటే తప్ప. భోజనాల దగ్గర ఒకరు గ్రంథం చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తింటారు. నోరు తెరిచి అడగాల్సిన పని పడకుండా ఎవరికేం కావాలో పక్కవాళ్లే కనిపెట్టి అందించాలి. ఇంకా ఏమైనా కావాలంటే సైగ చేయాలి. అంటే ఆ మౌనం ఎవరికి వారుగా ఉండే మౌనం కాదు, పక్కవాడి పళ్లెం మీద కన్నేసి ఉంచే మౌనం.

తర్వాతి శతాబ్దాల్లో ఫ్రాన్సులోని క్లూనీ మఠం ఈ సైగలను ఒక భాషలా పెంచింది. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి గుండ్రంగా చూపితే రొట్టె. చిటికెనవేలు పెదవులకు ఆనిస్తే పాలు, పసిబిడ్డ చీకినట్టు. అయితే 1180 ప్రాంతంలో కాంటర్బరీ మఠంలో విందుకు వెళ్లిన వేల్స్ రచయిత జెరాల్డ్, అక్కడి సన్యాసుల సైగల జోరు చూసి, ఇంతకంటే మర్యాదగా మాట్లాడుకుంటేనే మేలని బాధపడ్డాడు. నోరు కట్టేస్తే వాగుడు వేళ్లలోకి దిగుతుందన్నమాట. ఎడారి పెద్ద పోయ్మెన్ ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టాడు. పెదవి కదపకుండా మనసులో ఇతరులను తప్పుబట్టేవాడు ఎడతెగకుండా మాట్లాడుతున్నట్టేనన్నాడు.

బెనెడిక్టు అన్నింటికంటే ఎక్కువగా భయపడింది సణుగుడుకు. దాన్ని కేవలం నిషేధించి ఊరుకోలేదు, మూలం వెతికాడు. వంటశాలలో వంతు పనిచేసేవాళ్లకు భోజనానికి గంట ముందే అదనంగా కాస్త రొట్టె, ఒక పానీయం ఇవ్వాలన్నాడు, సణక్కుండా వడ్డించగలిగేలా. సరుకులు చూసే సోదరుడి దగ్గర అడిగినవాడికి ఇవ్వడానికి ఏమీ లేకపోతే కనీసం ఒక మంచి మాట ఇవ్వాలన్నాడు. నోరు విప్పాల్సిన చోటూ ఆయన ఉంచాడు: మఠానికి సంబంధించి ముఖ్యమైన విషయం తేల్చాల్సి వస్తే మఠాధిపతి అందరినీ పిలిచి సలహా వినాలి. మేలైన దారి దేవుడు తరచూ చిన్నవాడికే చూపిస్తాడు కనుక, అందరికంటే చిన్నవాడినీ పిలవాలి.