ముగ్గు అచ్చునకు తగిన పదార్థమేది?

ధనుర్మాసములో తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేయుట తిరుచానూరు వీధులలో పాత ఆచారము. ఇప్పుడు చుక్కలకు బదులు అచ్చు వచ్చినది. చిత్రమును కోసి తీసిన పలకను నేలపై పరచి, పిండిని జల్లి, పలకను ఎత్తివేసినచో అరనిమిషములో ముగ్గు సిద్ధమగును. దీనినే స్టెన్సిలు అందురు. లేసరు యంత్రము వచ్చిన పిమ్మట ఇట్టి పలకలను కోయుట చాల సులభమైనది. గోడలపై అక్షరములు వ్రాయుటకు పాఠశాలలలో వాడు పలకలును ఈ జాతివే.

ఇట్టి అచ్చు చిరకాలము మన్నవలెనన్న ఏమి చేయవలెను? "మందముగా, గట్టిగా ఉన్న పలకను ఎన్నుకొనుడు" అనునది తరచుగా వినవచ్చు సలహా. ఇందులో సగము మాత్రమే నిజము. అచ్చు మన్నిక మూడింటిపై ఆధారపడును: కోయునప్పుడు లేసరు వేడిమికి పదార్థము ఏమగునో, వాడునప్పుడు నీరు, ఎండ, చేతివిసురు దానినేమి చేయునో, కోసిన చిత్రము ఆకారమెట్టిదో. ఈ మూడవదానిని చాలమంది మరతురు. అచ్చులు విరుగుటకు ముఖ్యకారణము అదియే.

లంకలు, వంతెనలు

ఒక అట్టముక్కపై సున్న గీసి, ఆ గీతను కత్తితో కోసి తీసివేసినచో లోపలి బిళ్ళ ఊడి పడిపోవును. తనను తాను ఖండించుకొనని సంవృత వక్రరేఖ తలమును లోపలి భాగము, వెలుపలి భాగము అని రెండుగా విడదీయునని రేఖాగణితము చెప్పుచున్నది. గోదావరి నడుమ లంకవలె ఆ బిళ్ళకు ఒడ్డుతో సంబంధము లేదు. అది నిలువవలెనన్న గీతను అక్కడక్కడ కోయక వదలి, వంతెనలు కట్టవలెను. ఒక్క వంతెనయే ఉన్నచో లంక గాలిలో ఊగును. కనుక రెండైనను కావలెను.

మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి చేరును. అది తనను తాను ఖండించుకొను ప్రతిసారి క్రొత్త లంకలు పుట్టును. ఎక్కడను తెగని గీతయే ఆ ముగ్గునకు అందము. అచ్చులో ఆ గీత తెగక తప్పదు. ఎంత వెడల్పున తెగునో నిర్ణయించునది పదార్థము. బలహీనమైన పదార్థమునకు వెడల్పైన వంతెనలు కావలెను. అప్పుడు చిత్రము ముక్కలగును. బలమైనదానికి సన్నని వంతెనలు చాలును. కావున పదార్థమును ఎన్నుకొనుటయనగా చిత్రమును ఎన్నుకొనుటయే. మన్నిక వేరు, అందము వేరు అనుకొనుట పొరపాటు.

మచిలీపట్నము కలంకారీ చెక్క అచ్చునకు ఈ చిక్కు లేదు. దాని చిత్రమునకు వెనుక చెక్క ఆధారముగా ఉన్నది. శ్రీకాళహస్తి కలంకారీ కలముతో చేతివ్రాత గనుక అక్కడ ఆ ప్రశ్నయే రాదు. వెనుక ఆధారము లేక, చిల్లులతోనే పనిచేయవలసినది స్టెన్సిలు ఒక్కటే.

లేసరు పరీక్ష

మొదటి లేసరును 1960లో మైమన్ పనిచేయించెను. కోతపనికి విరివిగా వాడు కార్బన్ డయాక్సైడ్ లేసరును 1964లో కనుగొన్నవాడు భారతదేశమున జన్మించిన కుమార్ పటేల్. దీని కిరణపు తరంగదైర్ఘ్యము 10.6 మైక్రోమీటర్లు. చెక్క, కాగితము, ప్లాస్టిక్కులు ఈ కిరణమును పీల్చుకొని వేడెక్కి తెగును. మెరయు లోహము దానిని చాలవరకు పరావర్తనము చేయును. అందుచేత చిన్న దుకాణములలోని ఈ యంత్రము ఉక్కు రేకును కోయజాలదు. దానికి సుమారు 1.07 మైక్రోమీటర్ల కిరణమునిచ్చు ఫైబర్ లేసరు కావలెను.

అట్ట, ప్లైవుడ్ చక్కగా తెగును గాని కల్లాపి తడికి ఉబ్బి పొరలు విడును. ఆక్రిలిక్ పలక వేడికి ఆవిరియై, అద్దమువంటి అంచునిచ్చును. కోతకు ఇంతటి అనుకూలమైన ప్లాస్టిక్ అరుదు. పాలీకార్బొనేట్ చేతికి విరగదు గాని లేసరు తగిలినచోట మాడి గోధుమవన్నెకు తిరుగును. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీలకే కరగును గనుక అంచున గట్లు కట్టును. ఎండలోని అతినీలలోహిత కిరణములకు క్రమముగా పెళుసుబారును. మైలార్ అను పేరుతో వ్యాపారములోనున్న పాలియెస్టర్ రేకు కొద్దిగా కరగినను శుభ్రముగా తెగును.

పీవీసీ విషయములో మాత్రము రాజీ పనికిరాదు. దాని బరువులో నూటికి 57 పాళ్ళు క్లోరిన్. లేసరు తగిలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను బాధించును, యంత్రపు లోహభాగములను తినివేయును. ధర తక్కువని పేరు తెలియని ప్లాస్టిక్ పలకను తెచ్చి యంత్రములో పెట్టుట విద్యార్థుల ఆరోగ్యముతో ఆడుకొనుటయే. అనుమానమున్నచో ఉపాధ్యాయుడు గాలి బాగుగా ఆడుచోట ఒక పరీక్ష చేయవచ్చును. రాగితీగను మంట రంగు మారనంతవరకు కాల్చి, ఆ వేడి తీగను పలక అంచునకు తాకించి, తిరిగి మంటలో పెట్టవలెను. ఆకుపచ్చని మంట వచ్చినచో అందులో క్లోరిన్‌వంటి హాలోజన్ ఉన్నదని అర్థము; ఆ పలకను లేసరు దరికి చేర్చరాదు.

మందము లెక్క

పలక వంగకుండుటకు గల శక్తి దాని మందపు ఘనమునుబట్టి పెరుగును. మందము రెండింతలైన బిగువు ఎనిమిదింతలగును. పదార్థపు యంగ్ గుణకమును కూడ లెక్కలోనికి తీసికొనవలెను. ఉక్కునకు అది సుమారు 200 గిగాపాస్కల్‌లు, ఆక్రిలిక్‌నకు సుమారు 3. అనగా ఉక్కు దాదాపు 67 రెట్లు బిగువైనది. 67 యొక్క ఘనమూలము సుమారు 4. కావున అర మిల్లీమీటరు ఉక్కు రేకు రెండు మిల్లీమీటర్ల ఆక్రిలిక్ పలకతో సమానమైన బిగువు చూపును.

బిగువు ఒక్కటే చాలదు. ఆక్రిలిక్ 100 మిల్లీమీటర్లకు కొద్ది మిల్లీమీటర్లు సాగునంతలోనే విరుగును. తుప్పుపట్టని ఉక్కు 40 మిల్లీమీటర్లవరకైనను సాగి, వంగును గాని పుటుక్కున తెగదు. ఆక్రిలిక్‌లో బిగువంతయు వంతెన మొదటి పదునైన మూలలో కేంద్రీకరించి, అక్కడనే పగులు పుట్టును. మూలలను గుండ్రముగా కోయించినచో ఈ ప్రమాదము తగ్గును. కోసిన ఆక్రిలిక్ అంచును స్పిరిటుతో తుడువరాదు. వేడివలన అంచులో దాగియున్న ఒత్తిడి స్పిరిటు తగులగానే సన్నని బీటలుగా బయటపడును.

ఇక మందము పెంచుకొనుచు పోయిన మేలు కలుగునా? కలుగదు. లోతైన గట్టు నడుమ పిండి అంచులవరకు సమముగా పడదు. గోడపై రంగువేయునప్పుడు ఆ మూలలలో రంగు నిలిచి క్రిందికి ప్రాకును.

తీర్పు

గోడపై అక్షరములకు పాలియెస్టర్ రేకు తగినది. పావు మిల్లీమీటరు మందము చాలును. అది గోడకు అంటుకొని యుండును, వంగినను విరగదు. కాని నేలపై ముగ్గునకు అది పనికిరాదు. ఎత్తునప్పుడు లంకలు జారి పిండిని చెరుపును. ముగ్గునకు ఆక్రిలిక్ వాడదలచినవారు లంకలు తక్కువగానున్న పూవులు, ఆకులు, పద్మములను కోయించుకొనవలెను. మెలికల ముగ్గును సన్నని వంతెనలతో ఆక్రిలిక్‌లో కోయించుట డబ్బు వృథా.

లంకలను నిలుపుట పాత చిక్కే. జపాను దేశములో బట్టల అద్దకమునకు వాడు కతగామి అచ్చులను మల్బరీ కాగితముతో చేసి, తునికి జాతికి చెందిన ఒక పండు రసముతో గట్టిపరచి, లంకలు కదలకుండ పట్టుదారములతో కలిపిరి. తెలుగునాట మరొక ఉపాయము కలదు. ముగ్గు గొట్టములో గీతకు బదులు వరుసగా చిల్లులే యుండును. ప్రతి చిల్లు చుట్టును రేకు మిగులును గనుక లంకయే పుట్టదు, వంతెనయే అక్కరలేదు. అనంతపురము సీమలోని నిమ్మలకుంట తోలుబొమ్మల తోలును చిల్లులతో అలంకరించినను చినుగకుండుట ఇందువలననే.

లేసరుతో కోయించు అచ్చునకును ఇదే మార్గము. అర మిల్లీమీటరు తుప్పుపట్టని ఉక్కు రేకులో చిల్లుల వరుసలుగా కోయించి, చిల్లునకు చిల్లునకు మధ్య కనీసము చిల్లంత వెడల్పు విడిచినచో మెలికల ముగ్గు గీత ఎక్కడను పెద్దగా తెగక నేలపైకి దిగును. తడికి ఉబ్బదు, ఎండకు పెళుసుబారదు. ముందు ఖర్చు హెచ్చే. దీనికి ఒక లోపము కలదు: గీత చుక్కలుగా పడును, వ్రేళ్ళ నడుమనుండి జారు పిండిధారలోని సన్నము లావు ఇందులో కనబడదు. అచ్చు చూచి ముగ్గు నేర్చు బాలిక ఆ తేడాను గుర్తింపవలెనన్న ముందు ఒక్కసారి చేతితో చుక్కలు పెట్టి మెలిక తిప్పవలెను. అప్పుడు అచ్చులో గీత ఎక్కడ తెగెనో, ఎందుకు తెగెనో ఆమెకు వేరుగా చెప్పనక్కరలేదు.