మజిలీలు కుదిరితేనే యాత్ర

సైకిల్ మీద అడవిలో వారం రోజులు తిరిగి వద్దామనుకునేవాళ్లు అందరికంటే ముందు అడిగేది రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి అని. నా మట్టుకు ఆ లెక్క అన్నిటికన్నా చివర రావాలి. ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి. రాత్రి ఎక్కడ పడుకుంటాం? నీళ్లు ఎక్కడ పట్టుకుంటాం? తిండి మళ్లీ కొనుక్కోగల ఊరు ఇంకా ఎంత దూరం? ఉగాదికి ముందు నల్లమల కాలిబాటన శ్రీశైలం నడిచి వెళ్లే కన్నడ భక్తులు పెచ్చెరువు దగ్గర, భీముని కొలను దగ్గర ఆగుతారు. అడవి దారిలో నీళ్లున్న చోటే మజిలీ. కాళ్ల కింద చక్రాలు వచ్చినంత మాత్రాన ఆ నియమం మారదు.

సామానంతా సైకిల్‌కే కట్టుకుని, మట్టి బాటల మీద రోజుల తరబడి సాగే ఈ ప్రయాణాన్ని ఇప్పుడు బైక్‌ప్యాకింగ్ అంటున్నారు. ప్రణాళిక గురించి గాలిలో మాట్లాడితే ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి ఒక దారినే పట్టుకుందాం. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో వైట్‌ఫిష్ నుంచి హెలెనా దాకా అడవి బాటల మీద దాదాపు 400 కిలోమీటర్లు ఉంటుంది. కెనడా నుంచి మెక్సికో సరిహద్దు దాకా రాకీ పర్వతాల వెన్నంటే సాగే గ్రేట్ డివైడ్ మౌంటెన్ బైక్ రూట్‌లో ఇదొక ముక్క. సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లకు ఇది అందుబాటులోనే ఉంది. సియాటిల్‌లో ఎంపైర్ బిల్డర్ రైలు ఎక్కితే మర్నాడు పొద్దున వైట్‌ఫిష్‌లో దిగొచ్చు. మనిషికే కాదు, సైకిల్‌కు కూడా రైల్లో ముందే చోటు బుక్ చేసుకోవాలి.

ఈ విద్య మోంటానాలోనే మొదలైందంటే అతిశయోక్తి కాదు. 1896లో ఫోర్ట్ మిసౌలాలో లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నల్లజాతి సైనికులతో ఒక సైకిల్ దళం ఏర్పాటు చేశాడు. 25వ పదాతి దళానికి చెందిన ఆ సైనికులు మరుసటి ఏడు జూన్ 14న బయలుదేరి, బురదలో, మంచులో, ఇసుకలో దాదాపు 3,000 కిలోమీటర్లు తొక్కి, జూలై 24న సెయింట్ లూయిస్ చేరారు. దుప్పటి, డేరా గుడ్డ చుట్టగా చుట్టి హ్యాండిల్‌కు కట్టుకున్నారు. ఫ్రేమ్ మధ్య ఖాళీలో సరిపోయే తోలు పెట్టెలో సామాను పెట్టుకున్నారు. ఇవాళ దుకాణాల్లో కొత్త సరుకుగా అమ్మే హ్యాండిల్ చుట్ట, ఫ్రేమ్ సంచి అచ్చంగా అవే. వర్ణవివక్ష నిండిన కాలంలో ఆ సైనికులు ఆ పని చేసి చూపించారు. ఈ ప్రయాణాల చరిత్ర చెప్పేవాళ్లు వాళ్ల దగ్గరే మొదలుపెట్టాలని నా కోరిక.

1973లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొసకు బయలుదేరిన సైకిల్ యాత్రికుల కథనాన్ని వేసినప్పుడు బైక్‌ప్యాకింగ్ అన్న మాట శీర్షికకు ఎక్కింది. ఆ బృందమే 1976లో అమెరికాను అడ్డంగా దాటే బైక్‌సెంటెనియల్ యాత్ర నడిపింది. ఆ యాత్ర నడిపిన సంస్థే ఇప్పటి అడ్వెంచర్ సైక్లింగ్ అసోసియేషన్. దాని కార్యాలయం వెలిసిందీ మిసౌలాలోనే. గ్రేట్ డివైడ్ దారిని 1990ల చివర్లో గీసి, పటాలు వేసి జనానికి అందించింది వాళ్లే.

ఇక కాలం సంగతి. మన దగ్గర రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఆ కొండల మీది బాటలు ఇంకా మంచు కిందే ఉంటాయి. స్వాన్ లోయ దాటాక వచ్చే రిచ్‌మండ్ పీక్ దగ్గర జూన్ చివరి దాకా సైకిల్‌ను భుజాన వేసుకుని మంచులో నడవాల్సి రావచ్చు. ఆగస్టు వచ్చిందంటే కార్చిచ్చుల భయం. పొగ కమ్మేస్తుంది, అటవీ శాఖ బాటలు మూసేస్తుంది. అందుకే నేనైతే జూలై మూడో వారమే చెబుతాను. అప్పుడు వాగుల్లో నీళ్లుంటాయి, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. వేసవే కదా అని పల్చటి దుప్పటితో సరిపెట్టుకోకూడదు. పగలు 30 డిగ్రీలు ఉన్న లోయలోనే తెల్లవారుజామున నీళ్లు గడ్డకట్టేంత చలి వేయగలదు. మధ్యాహ్నాలు ఉరుముల వానలు మామూలే కాబట్టి ఆరు గంటలకే కదిలి, కొండ పైభాగాన్ని ఒంటిగంటలోపు దాటేసేలా రోజును కట్టుకోవాలి.

మజిలీలు వేసుకునేటప్పుడు పటంలో దూరం కన్నా ఎత్తు గీతలే ముఖ్యం. సామానుతో ఉన్న సైకిల్ మీద ఆరు శాతం వాలున్న మట్టి బాట ఎక్కితే గంటకు 6, 7 కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే 15 కిలోమీటర్ల ఎక్కుడుకే రెండు గంటలకు పైన పోతుంది, పంక్చర్లు, ఫొటోలు, ఆయాసం కాకుండానే. రోడ్డు మీద రోజుకు 120 తొక్కే మనిషి ఇక్కడ 60, 70 దగ్గర ఆగాలని నా అభిప్రాయం. మొదటి రెండు రోజులు స్వాన్ లోయ పొడవునా సాగి హాలండ్ లేక్ చేరొచ్చు. మూడో రోజు రిచ్‌మండ్ పీక్ ఎక్కి సీలీ లేక్‌లో దిగాలి. అక్కడ సరుకుల కొట్టు ఉంది. మర్నాటి మజిలీ ఓవాండో కావాలి. వంద మంది కూడా లేని ఆ ఊరు సైకిల్ యాత్రికులను ఆదరించే తీరుకు పేరు పడింది. పాత జైలు గది, గొర్రెల కాపరుల బండి, టిపి గుడారం రాత్రి పడుకోవడానికి ఇస్తారు. మర్నాడు హకిల్‌బెర్రీ పాస్ మీదుగా లింకన్. అక్కడి నుంచి హెలెనాకు సుమారు 100 కిలోమీటర్లు. ఎక్కుడు తర్వాత ఎక్కుడు వచ్చే ఆ దారిని రెండు రోజులుగా విడగొట్టడమే తెలివి. ఇంకో రోజు ఖాళీగా చేతిలో ఉంచుకోవాలి. వాన పట్టినా, ఒళ్లు బాగోకపోయినా, చెరువు గట్టున ఒక పూట కూర్చోవాలనిపించినా ఆ రోజే ఆదుకుంటుంది. సెలవు తక్కువగా ఉందని చాలామంది ముందుగా కోసేసేది ఆ రోజునే. నాకు అది బాధ కలిగిస్తుంది.

ఇంటి దగ్గర తెర మీద దారి గీసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. స్వాన్ లోయకు తూర్పున బాబ్ మార్షల్ వైల్డర్‌నెస్ ఉంది. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద అలాంటి అడవుల్లో సైకిల్‌కు ప్రవేశం లేదు, తోసుకుంటూ నడిచినా సరే. పటంలో దగ్గరదారిలా కనిపించే కాలిబాట అటు తీసుకుపోతుందేమో చూసుకోవాలి. బయలుదేరే వారం ముందు ఫ్లాట్‌హెడ్, లోలో, హెలెనా-లూయిస్ అండ్ క్లార్క్ జాతీయ అడవుల కార్యాలయాలు పెట్టే ప్రకటనలు చదవాలి. మూసిన బాటలు, నిప్పు ఆంక్షలు, ఎలుగుబంట్ల హెచ్చరికలు అందులోనే ఉంటాయి. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఉపగ్రహంతో సందేశం పంపే పరికరం ఒకటి, కాగితం పటం ఒకటి వెంట ఉండాలి.

ఇది గ్రిజ్లీ ఎలుగుల ఇలాకా. ఈ మాట దాటవేసి ఈ దారి గురించి రాయడం తప్పు. జూలైలో హకిల్‌బెర్రీలు పండుతాయి, బాట పక్క పొదల్లోనే ఎలుగులు మేస్తుంటాయి. సైకిల్‌కు చప్పుడు ఉండదు, దిగుడులో వేగం ఉంటుంది. ఆ రెండూ కలిస్తే ఎలుగుకు తప్పుకునే సమయం దొరకదు. 2016లో గ్లేసియర్ పార్కు దగ్గర ఒక మలుపులో సైకిల్ వెళ్లి గ్రిజ్లీని ఢీకొంది, తొక్కుతున్నాయన ప్రాణం పోయింది. చూపు ఆనని మలుపు వస్తే బ్రేకు వేసి, గొంతెత్తి ‘హోయ్’ అని కేక పెట్టాలి. సైకిల్ గంట చాలదు. ఎలుగు స్ప్రే డబ్బా సంచి అడుగున కాదు, చెయ్యి చాస్తే అందేచోట ఉండాలి. విమానంలో దాన్నీ స్టవ్ గ్యాస్ డబ్బానూ ఎక్కనివ్వరు, అక్కడ దిగాక కొనాలి.

2021 జూలైలో ఓవాండో ఊరి మధ్యలోనే డేరాలో నిద్రపోతున్న ఒక సైకిల్ యాత్రికురాలిని గ్రిజ్లీ చంపింది. డేరాలోనూ పక్కనా తిండి వాసనలు ఉన్నాయని విచారణలో తేలింది. ఆమెను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. సాయంత్రం పని ఎలా చేయాలో తెలియడానికి చెబుతున్నాను. వంట ఒకచోట, తిండి మూట ఒకచోట, పడక ఒకచోట ఉండాలి. ఒకదానికీ ఇంకోదానికీ 90 మీటర్లు. మూటను నేలకు కనీసం 3 మీటర్ల ఎత్తున, మానుకు 1.2 మీటర్ల దూరంలో వేలాడదీయాలి. 15 మీటర్ల తాడు కొసకు చిన్న గుడ్డసంచి కట్టి, అందులో గుప్పెడంత రాయి వేసి, కొమ్మ మీదుగా విసరాలి. ఆ అడవుల్లో దేవదారు జాతి చెట్ల కొమ్మలు సన్నగా కిందికి వాలి ఉంటాయి. సరైన కొమ్మ దొరకడానికే అరగంట పట్టొచ్చు, చీకట్లో ఆ పని జరగదు. అందుకే మజిలీకి వెలుగుండగానే చేరాలి. తిండి దాచే ఇనుప పెట్టెలు పెట్టిన క్యాంపు చోట్లు ఎక్కడున్నాయో ముందే పటం మీద గుర్తు పెట్టుకుంటే ఈ బాధ తప్పుతుంది. మూటలోకి తిండి ఒక్కటే వెళ్తే చాలదు. టూత్‌పేస్టు, ఎండకు పూసుకునే క్రీము, వంట గిన్నె, చెత్త కూడా వెళ్లాలి. మన పొడుల్లోని ఇంగువ వాసన గుడ్డకు పట్టిందంటే వదలదు. పోపు పెట్టిన సాయంత్రం వేసుకున్న చొక్కాతో డేరాలో పడుకోవద్దు.

తిండి విషయంలో మన ఇళ్లలో ఉన్న సద్ది జ్ఞానం ఎంతో పనికొస్తుంది. రోజంతా ఎక్కుడు తొక్కే మనిషికి 3,500 నుంచి 4,000 కేలరీలు కావాలి, బరువేమో రోజుకు కిలో దాటకూడదు. 100 గ్రాముల పల్లీల్లో 560కి పైగా కేలరీలు ఉన్నాయి, అంతే నెయ్యిలో 900 దాకా. పల్లీ చిక్కి, సున్నుండలు జేబులో ఉంటే పొద్దుటి ఎక్కుడు గడిచిపోతుంది. 1,500 మీటర్ల ఎత్తున నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, కందిపప్పు ఉడకబెడుతూ కూర్చుంటే గ్యాస్ అయిపోతుంది. అటుకులు, ఇంట్లో వేయించి కలిపి పెట్టుకున్న రవ్వ ఉప్మా పొడి అయితే మరిగిన నీళ్లు పోసి మూతపెడితే చాలు. కందిపొడి, నెయ్యి కలిపిన అటుకులు ఆ చలిలో ఎంత హాయినిస్తాయో తిన్నవాళ్లకే తెలుస్తుంది. శాకాహారులు సీలీ లేక్‌లో, లింకన్‌లో రొట్టెలు, జున్ను, పల్లీ వెన్న నింపుకోవాలి. వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా వడకట్టకుండా తాగొద్దు, జియార్డియా క్రిమి పట్టుకుంటే యాత్ర అక్కడితో సరి. ఫిల్టర్ లోపలి గొట్టాలు గడ్డకడితే పాడవుతాయి కనుక రాత్రి దాన్ని పడకలోనే పెట్టుకోవాలి.

సామాను కట్టడం చూడ్డానికి చిన్న పని, తొక్కేటప్పుడు అదే ప్రాణం. బరువైనవి ఫ్రేమ్ సంచిలో, పెడళ్లకు దగ్గరగా ఉండాలి. అడుగున పనిముట్లు, ట్యూబు, చైను లింకులు, వాటి మీద ఆ రోజు తిండి, నీళ్ల తిత్తి. సీటు వెనక సంచిలో బట్టలు, పడక లాంటి తేలికవే పెట్టి గాలి లేకుండా నొక్కి బిగించాలి. అక్కడ బరువు పెడితే దిగుడులో సైకిల్ వెనక భాగం అటూ ఇటూ ఊగిపోతుంది. డేరా చుట్ట హ్యాండిల్‌కు కట్టాక బ్రేకు తీగలు నలగకుండా, ముందు చక్రానికి తగలకుండా చూసుకోవాలి. పట్టీలు రాసుకునే చోట్ల టేపు అంటించకపోతే రెండు రోజుల్లో రంగు లేచిపోతుంది. కట్టడం అయ్యాక సైకిల్‌ను జానెడు ఎత్తి నేల మీద వదలండి. ఏది గలగలమంటే దాన్ని మళ్లీ కట్టండి.

సైకిల్ గురించి పెద్దగా చెప్పను. వెడల్పు టైర్లు, ట్యూబ్‌లెస్ అయితే మేలు, మోకాళ్లకు నొప్పి రాని చిన్న గేరు, కొత్త బ్రేకు ప్యాడ్లు ఉంటే చాలు. ఖరీదైన బండి లేదని ఆగిపోవద్దు.

ఇంత సన్నాహం ఎందుకంటారా? ఇది పందెగాళ్ల కోసం కాదు. ఏడాదికి తొమ్మిది పది రోజుల సెలవు దొరికే ఉద్యోగి, నలభై దాటిన మనిషి, ఒంటరిగా బయలుదేరే అమ్మాయి, ఎవరైనా సొంత కాళ్ల మీద కొండ దాటి ఇంకో లోయలో దిగగలరు. ఆ అడవులు జనం ఆస్తి. కారు అద్దాల వెనక నుంచి చూసినవాళ్లకు మంచు కరిగిన మట్టి వాసన తెలియదు. నడిచి వెళ్తే వారంలో మూడు లోయలు దాటలేం. సైకిల్ ఆ రెంటికీ నడుమ ఉంది. సాయంత్రం ఎక్కడ ఆగుతామో, నీళ్లెక్కడో తెలిసిన మనిషి పగలంతా చుట్టూ చూస్తూ తొక్కగలడు.

జూలైకి ముందు ఒక్క రాత్రి పరీక్ష తప్పనిసరి. సియాటిల్ వాళ్లకు పలూస్ టు కాస్కేడ్స్ బాట చేతిలోనే ఉంది. పాత రైలు మార్గం కాబట్టి వాలు తక్కువ, దారిలో నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువైన స్నోక్వాల్మీ సొరంగం, పక్కనే డేరా వేసుకునే చోట్లు. సొరంగంలో చల్లగా, చిమ్మచీకటిగా ఉంటుంది, లైటు, స్వెట్టరు దగ్గర పెట్టుకోండి. పూర్తి సామానుతోనే వెళ్లండి, వానైనా వెళ్లండి. తాడు విసరడం, ఫిల్టర్ వాడటం, స్టవ్ వెలిగించడం అక్కడే చేతికి అలవాటు కావాలి. తిరిగొచ్చాక సామానంతా నేల మీద పరచండి. మందులు, పంక్చర్ సామాను, వాన కోటు మినహాయించి ఆ రాత్రి ముట్టుకోనివన్నీ పక్కకు తీయండి. మిగిలినదాన్ని తూకం వేస్తే తిండి, నీళ్లు కాకుండా 9 కిలోలకు అటూ ఇటూ ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువ తూగితే ముందు బట్టలు తగ్గించండి.