పానకం అడగని రొట్టె

ఇడ్లీకీ దిబ్బరొట్టెకూ పిండి దాదాపు ఒకటే. మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, ఉప్పు వేస్తే రెండింటిలో ఏదైనా చేసుకోవచ్చు. కానీ ఇడ్లీని ఒట్టిగా తినమంటే ఎవరైనా చట్నీ గిన్నె ఎక్కడుందా అని చూస్తారు. దిబ్బరొట్టె ముక్క చేతికిస్తే పచ్చడి వచ్చేలోపలే సగం అయిపోతుంది. సరుకులో లేని ఆ రుచి ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే, అది పొయ్యి మీద గడిచే అరగంటలో దొరుకుతుంది. గోదావరి జిల్లాల ఇళ్లలో ఆ అరగంటను నడిపే తీరు గమనిస్తే, ఇంతటి పనితనాన్ని మనం ‘టిఫిను’ అనే చిన్నమాట కింద పెట్టేశామేమో అనిపిస్తుంది.

ఆవిరి మీద ఉడికేది ఏదైనా నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇడ్లీ తెల్లగా ఉంటుంది, ఎంతసేపు ఉంచినా ఎర్రబడదు. పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ ఒకదానితో ఒకటి కలిసి ఎరుపునూ కమ్మటి వాసననూ పుట్టించాలంటే వేడి సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఈ మార్పును 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించాడు కాబట్టి శాస్త్రంలో అతని పేరుతోనే చెలామణీ అవుతోంది. మన ఇళ్లలో దానికి పేరు లేదుగానీ వాసన అందరికీ తెలుసు. సున్నుండల కోసం మినప్పప్పు వేయిస్తుంటే వీధి మలుపు దాకా వచ్చే వాసన అదే. దిబ్బరొట్టె అడుగున పడే ఎర్రటి పెచ్చు కూడా అదే వాసన వేస్తుంది. మినుములో మాంసకృత్తులు దండిగా ఉండటమే దీనికి కారణం, ఒట్టి బియ్యప్పిండి రొట్టెకు ఇంత కమ్మదనం రాదు.

అమెరికా వాళ్ల పాన్‌కేకుతో పోల్చి చూస్తే ఈ సంగతి ఇంకా తేటపడుతుంది. మైదా, పాలు, గుడ్డు, బేకింగ్ పౌడరు కలిపిన పిండిని కాలిన పెనం మీద పోస్తే రెండు మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. పొంగు బేకింగ్ పౌడరు ఇస్తుంది, రుచి మాత్రం సీసాలోంచి రావాలి. ఆ సీసాలో ఉండే మేపుల్ పాకం తక్కువ శ్రమతో వచ్చేదేమీ కాదు. చెట్టునుంచి కారిన నీరు నలభై లీటర్లు మరిగిస్తే ఒక్క లీటరు పాకం వస్తుంది. పాకం లేకుండా రుచిగా ఉండే పాన్‌కేకు కావాలనుకునే ఇంటివంటవాళ్లు అక్కడా ఉన్నారు. వాళ్లు పాల బదులు పుల్లమజ్జిగ పోస్తారు, మైదాలో కొంత తగ్గించి బక్‌వీట్ పిండో మొక్కజొన్న పిండో కలుపుతారు, రాత్రంతా పులియనిస్తారు, వెన్నను ఎర్రగా కాచి పోస్తారు. చూడండి, పులుపు, ధాన్యం, వ్యవధి, ఎర్రదనం. మన రొట్టె నడిచేదీ ఈ నాలుగింటి మీదే.

ముందు పప్పు. కృష్ణా, గుంటూరు డెల్టా మాగాణుల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందే, పైరు నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు. కోత అయ్యాక నేలలో మిగిలిన తేమతోనే ఆ పంట బతుకుతుంది. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం విడుదల చేసిన ఎల్‌బీజీ రకాలు ఈ పొలాల కోసమే ఊరూరా పాకాయి. రొట్టె చేసేవాళ్లకు రకం కంటే వయసు ముఖ్యం. కొత్త పప్పు రుబ్బుతుంటే పొంగుతూ వస్తుంది, ఏళ్ల తరబడి డబ్బాలో మగ్గిన పప్పు ఎంత రుబ్బినా బరువుగానే కూర్చుంటుంది. మినుములో ఉండే జిగురు గాలిబుడగలను పట్టి ఉంచుతుంది, ఆ బుడగలే రేపు రొట్టె లోపలి గుల్లదనం. పొట్టు పప్పు నానబెట్టి, చేత్తో రుద్ది, పొట్టు కొంచెం మిగిలేలా కడిగినదే నాకు ఇష్టం. తెల్లటి గుళ్లతో రొట్టె అందంగా వస్తుందేమోగానీ, ఆ వాసన కొంత తగ్గుతుందని నా అభిప్రాయం.

నాలుగు గంటలు నానిన పప్పును నీళ్లు చిలకరిస్తూ మాత్రమే రుబ్బాలి. రోటి దగ్గర కూర్చున్నవాళ్లు పొత్రం తిప్పుతూ రెండో చేత్తో పిండిని లోపలికి తోస్తూ, నీళ్లు పోయరు, తడుపుతారు. గిన్నెడు నీళ్లలో చిన్న ఉండ వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. గ్రైండరుకూ ఇదే పరీక్ష. మిక్సీ వేడెక్కి పిండిని పాడు చేస్తుంది కాబట్టి మిక్సీ తప్పనిసరైతే చన్నీళ్లు వాడటం మంచిది.

రవ్వ సంగతి వేరు. పప్పు ఒక గ్లాసుకు రవ్వ రెండు గ్లాసులు అనేది చాలా ఇళ్ల లెక్క, మూడు వేసేవాళ్లూ ఉన్నారు. పప్పు ఎక్కువైతే మెత్తదనం, రవ్వ ఎక్కువైతే కరకర. కడిగిన రవ్వను గుప్పెడు గుప్పెడుగా తీసి గట్టిగా పిండి మరీ కలుపుతారు. ఈ పిండటంలోనే సగం రొట్టె ఉంది. రవ్వలో మిగిలిన నీళ్లు పిండిని పల్చన చేస్తాయి, పల్చటి పిండి మూకుట్లో పరుచుకుని అట్టవుతుందిగానీ రొట్టె కాదు. ఇడ్లీ పిండి గరిటె నుంచి జారాలి, ఈ పిండి గరిటెను విడవనని కాసేపు మొరాయించాలి. ఉప్పు, జీలకర్ర తప్ప ఇందులో ఇంకేమీ అక్కర్లేదు. పచ్చిమిర్చి, అల్లం, ఉల్లి వేసేవాళ్లతో నాకు తగాదా లేదు, కానీ అవి వేస్తే రొట్టె మాట వినపడదు.

పులియబెట్టాలా వద్దా అన్నది మాత్రం ఇంటింటికీ ఒక పక్షం. రాత్రంతా ఉంచితే పిండిలో ల్యూకోనాస్టాక్ అనే సూక్ష్మజీవి వాయువు పుట్టించి పొంగిస్తుంది, రొట్టె తేలిగ్గా, స్పాంజిలా వస్తుంది. రుబ్బిన వెంటనే కాలిస్తే బరువుగా ఉంటుంది, కానీ మినప తీపి అంతా నిలుస్తుంది. ఇంకో సంగతి ఉంది. పులుపు పెరిగినకొద్దీ పిండి ఎర్రబడటం ఆలస్యమవుతుంది. బాగా పులిసిన పిండి రొట్టె లోపల ఉడికిపోయి కూడా పెచ్చు పాలిపోయినట్టు ఉండటానికి ఇదొక కారణం. మూడు నాలుగు గంటలు ఉంచి, పిండి కాస్త ఉబ్బి, ముక్కుకు పులుపు తగిలీ తగలనట్టున్నప్పుడు కాల్చడానికే నా ఓటు.

ఇక మూకుడు. దళసరి ఇనుప మూకుడుకు ప్రత్యామ్నాయం లేదు. ఇనుము వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది, తీసుకున్నాక నెమ్మదిగా వదులుతుంది. అంత పిండి ఒక్కసారి మీద పడ్డా చల్లబడి బిక్కచచ్చిపోదు. పల్చటి నాన్‌స్టిక్ గిన్నె అడుగు మంట ఎక్కడ తగిలితే అక్కడ మచ్చ వేస్తుంది. కళాయి పూసిన ఇత్తడి గిన్నెలో చేసే ఇళ్లూ ఉన్నాయి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి అందులో సెగ పెంచే వీలే లేదు. ఆ పరిమితి ఈ రొట్టెకు మేలే చేస్తుంది.

మూకుడు కాలాక నువ్వుల నూనె గానీ వేరుశనగ నూనె గానీ మూడు నాలుగు చెంచాలు వేసి, అంచుల దాకా తిప్పాలి. నూనె వేడెక్కాక పిండి వేస్తే సుయ్‌మని ఒక చప్పుడు. ఆ మొదటి నిమిషం సెగ మధ్యస్థంగా ఉండాలి, పెచ్చుకు పునాది పడేది అప్పుడే. తర్వాత సెగ తగ్గించి మూత పెట్టేయాలి. అంగుళానికి పైగా మందమున్న పిండి లోపలి దాకా ఉడకాలి, ఈలోగా అడుగు మాడకూడదు. ఈ రెండింటి మధ్య ఉన్న దారి ఇరుకు, సన్నని సెగ ఒక్కటే అందులో పడుతుంది.

మూత తీయకుండానే ఏం జరుగుతోందో చెప్పగలగడంలో నేర్పు బయటపడుతుంది. మొదట్లో అంచుల దగ్గర నూనె గలగలమంటూ గట్టిగా చిటపటలాడుతుంది. పిండిలోని నీరు ఆవిరై పోతున్న చప్పుడది. పదినిమిషాలు దాటేసరికి చప్పుడు సన్నబడుతుంది. అడుగు పొరలో తేమ తగ్గిందని, ఇక అక్కడ వేడి నూరు డిగ్రీలు దాటి పైకి ఎక్కుతుందని అర్థం. అప్పుడే పచ్చిపిండి వాసన పోయి వేయించిన మినప్పప్పు వాసన మొదలవుతుంది. అలవాటున్నవాళ్లు పక్కగదిలో కూర్చుని బట్టలు మడతపెడుతూనే ఆ మలుపును పట్టేస్తారు. గడియారం చూసి చేసేవాళ్లకు రొట్టె వస్తుంది, చెవి పెట్టి చేసేవాళ్లకు పెచ్చు వస్తుంది.

ఈ మధ్యలో ఒకటి రెండుసార్లు మూత తీసి లోపలి వైపు పొడిబట్టతో తుడవాలి. మూతకు పట్టిన ఆవిరి నీటిబొట్లై రొట్టె మీద పడితే పైభాగం చితచితలాడుతుంది. చాలామంది వదిలేసే పని ఇది. మూత తుడిచిన రొట్టెనూ తుడవని రొట్టెనూ తిరగేసినప్పుడు రెండో వైపు పెచ్చులో తేడా కళ్లకు కనిపిస్తుంది.

తిరగేయడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అంచు మూకుణ్ణి విడిచి లోపలికి జరిగితే అడుగు కాలినట్టు. అట్లకాడను చుట్టూ తిప్పి, రొట్టెను పళ్లెంలోకి జార్చి, పళ్లెం మీద మూకుడు బోర్లించి ఒక్కసారిగా తిప్పడం క్షేమమైన పద్ధతి. అయితే ఇక్కడ మూకుడు వంపు ఒక చిక్కు పెడుతుంది. మొదటి వైపు గిన్నె వంపుకు అతుక్కుని కాలింది, రెండో వైపు బల్లపరుపుగా ఉంటుంది. ఆ బల్లపరుపు ముఖం వంపు గిన్నెలో పడితే అంచులు మాత్రమే తగులుతాయి, మధ్యలో ఖాళీ. అందుకే తిరగేశాక ఇంకో రెండు చెంచాల నూనె చుట్టూ వేస్తారు. అది జారి మధ్యన గుంటలో చేరి, గిన్నె అందుకోలేని చోటికి వేడిని తీసుకుపోతుంది. వంటలో నూనెను రుచికని వాడతాం, ఇక్కడ అది రాయబారి పని చేస్తోంది.

కుంపట్ల రోజుల్లో ఈ చిక్కే లేదు. కింద సన్నటి బొగ్గుల సెగ, మూత మీద కూడా నాలుగు నిప్పులు. తిరగేయాల్సిన పని లేకుండానే పైనా కిందా ఒకేసారి ఎర్రబడేది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు పోత ఇనుము మూకుట్లో పిండి వేసి, పొయ్యి మీద అడుగు కాలాక అలాగే ఓవెన్‌లోకి తోసేస్తే జరిగేది కూడా ఇదే. గ్యాసు పొయ్యి వచ్చి మన చేతినుంచి పైసెగను లాక్కుంది, ఓవెను దాన్ని వేరే దారిలో తిరిగిచ్చింది.

తెలంగాణలో సర్వపిండి ఇదే సమస్యకు వేరే జవాబు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లికాడలు కలిపి సర్వ అనే గుండ్రటి గిన్నె లోపలి గోడకు పల్చగా అద్దుతారు. వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి ఒక్కో దాంట్లో నూనె చుక్కలు వేస్తారు. అడుగున నూనె చేరుతుంది, పైకి ఆవిరి పోతుంది. కాబట్టి తిరగేయనే అక్కర్లేదు. రెండోది అద్దేముందు సర్వను బోర్లించి నీళ్లు పోసి చల్లార్చాలి, వేడి గోడకు పిండి అంటదు. ఒక చోట మందంతో, ఇంకోచోట పల్చదనంతో రెండు ప్రాంతాలూ పెచ్చునే కోరుకున్నాయి. సర్వపిండికీ పాకం అక్కర్లేదు, కానీ కారమూ పల్లీలూ తోడున్నాయి. దిబ్బరొట్టెకు ఆ తోడు కూడా లేదు, అందుకే నా మెప్పు కాస్త ఇటే మొగ్గుతుంది.

కాలిన రొట్టెను పళ్లెంలో పెట్టేస్తే కిందనుంచి వచ్చే ఆవిరి అక్కడే ఆగి, అంత కష్టపడి తెచ్చిన పెచ్చును మెత్తబరుస్తుంది. జల్లెడ మీద పెట్టి పది నిమిషాలు వదిలేయాలి. లోపలి తడి సర్దుకున్నాకే కత్తి పెట్టాలి, లేకపోతే మధ్యభాగం ముద్దగా కత్తికి అంటుకుంటుంది. కోసినప్పుడు ముక్క పక్కనుంచి చూడండి. అంచున పల్చగా, అంతా కరకరే. మధ్యకు వచ్చేకొద్దీ తెల్లటి గుల్ల మందమవుతుంది, మధ్యమధ్య రవ్వ పలుకులు కనిపిస్తాయి. బల్లపరుపు పెనం ఈ వాలును ఇవ్వలేదు. పిల్లలు అంచు ముక్కల కోసం కొట్టుకుంటారు, పెద్దవాళ్లు పళ్లు చూసుకుని మధ్య ముక్క చాలంటారు. ఒకే రొట్టెలో ఇద్దరికీ చోటుంది.

పానకం మాటకు వద్దాం, ఎందుకంటే పశ్చిమ గోదావరి వైపు దిబ్బరొట్టెను చెరకు పానకంతో తినే అలవాటు గట్టిగా ఉంది. బెల్లం గడ్డకట్టకముందు దించిన చిక్కటి ఎర్రటి ద్రవమది. పాన్‌కేకు మీద పాకం పోసినట్టు దీన్ని రొట్టె మీద పోయడం మాత్రం అన్యాయం. రెండు నిమిషాల్లో పెచ్చు నాని తోలులా సాగుతుంది. చిన్న గిన్నెలో పక్కన పెట్టుకుని, ముక్క విరిచి, విరిగిన తెల్లటి వైపు మాత్రం ముంచాలి. గుల్ల పానకాన్ని పీలుస్తుంది, ఎర్రటి వైపు పొడిగానే పళ్ల కిందకు వస్తుంది. మొదటి ముక్క మాత్రం ఒట్టిదే తినండి, ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేది అప్పుడే.