ఇగ్బో భూదేవత ధర్మం: ప్రకృతి రక్షణ, మనుషుల వెలివేత

నైజీరియా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన ఇగ్బో ప్రజల సంప్రదాయ విశ్వాసంలో భూమి దేవత. పంటకూ, నీతికీ ఆమే అధిదేవత. పూర్వీకులు ఆమె గర్భంలోనే ఉన్నారని నమ్మకం. ఈ విశ్వాసాన్ని పర్యావరణ పరిరక్షణకు ఆదర్శంగా చూపే ధోరణి పర్యావరణ విమర్శలో ఉంది. చినువా అచెబె 1958లో ప్రచురించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవల ఈ అభిప్రాయాన్ని కొంతవరకు సమర్థిస్తూనే దాని పరిమితిని కూడా చూపుతుంది.

విత్తనానికి ముందు పాటించే శాంతి వారంలో కథానాయకుడు ఒకొంక్వో భార్యను కొడతాడు. భూదేవత 'ఆని' పూజారి దీనిని ఇంటి కలహంగా చూడడు. దేవత ఆగ్రహిస్తే ఊరంతటికీ పంట దక్కదని హెచ్చరించి, ఆడమేక, కోడిపెట్ట, వస్త్రం, 100 గవ్వలు అపరాధంగా విధిస్తాడు. మనిషి నడతకూ నేల సారానికీ గల సంబంధాన్ని ఈ ఘట్టం స్పష్టం చేస్తుంది.

అయితే అదే దేవత పేరిట కవల శిశువులను కుండలలో పెట్టి అడవిలో వదిలేస్తారు. ఒళ్లు వాచే వ్యాధి సోకిన ఒకొంక్వో తండ్రి ఉనోకాను చనిపోవడానికి దుష్టారణ్యంలో విడిచిపెడతారు. ఆ అడవిని మనుషులకు దూరంగా ఉంచినది భయమే గాని వృక్షసంరక్షణ దృష్టి కాదు.

ఎంబాంట గ్రామంలో మిషనరీలు చర్చికి స్థలం అడిగినప్పుడు పెద్దలు ఆ అడవినే ఇస్తారు. 4 రోజుల్లో వారు మరణిస్తారని భావిస్తారు. 28 రోజుల గడువు ముగిసినా వారికేమీ కాదు. భయం సడలగానే నిషేధం కూడా సడలింది. నాలుగు కాన్పుల్లోనూ కవలలను పోగొట్టుకున్న ఎన్నెకా, మళ్లీ నిండు గర్భిణిగా ఉండి, ఆ చర్చిలో చేరుతుంది.

ఈ సంప్రదాయానికి తనను తాను సవరించుకునే శక్తి లేదనలేము. శాంతి వారాన్ని భంగపరచిన వానిని పూర్వం చనిపోయేవరకు ఊరంతా ఈడ్చేవారని, ఆ శిక్షే శాంతిని చెడగొట్టడంతో మానేశారని ఒక వృద్ధుడు చెబుతాడు. తన కవలలను కోల్పోయిన ఒబిరికా కూడా వారు చేసిన నేరమేమిటని తనలో తానే ప్రశ్నించుకుంటాడు. కానీ ఆ ప్రశ్న ఊరి చర్చగా మారకముందే కొత్త మతం వచ్చింది.

కనుక ఇటువంటి విశ్వాసాలను పరిశోధించేవారు అవి దేనిని కాపాడాయో చెప్పి ఆగిపోకూడదు. ఎవరిని వెలివేశాయో కూడా అదే అధ్యాయంలో చర్చించాలి.